ఉబ్బిన డబ్బా

కోరా మొగుడు వర్జిల్‌ను సమాధి చేసిన రోజు మధ్యాహ్నం చర్చి వంటగదిలో ముగ్గురమే ఉన్నాం. ఎర్లీన్, నేను, హెస్టర్ పెద్దమ్మ. మిగతా ఊరంతా శవపేటిక వెంట కొండ మీది శ్మశానానికి వెళ్ళింది. పొద్దున్నుంచీ సన్నటి జల్లు పడుతోంది. పాదిరిగారి ప్రార్థన ముగిశాక అందరూ ఒకదాని తర్వాత ఒకటి చాలాసేపు పాటలు పాడతారు, ఆ తర్వాత కిందికి దిగి తిన్నగా భోజనాలకు వస్తారు. చావు జరిగిన ఇంట్లో ఆ రోజు పొయ్యి వెలిగించనివ్వకూడదని మా లోయలో పట్టింపు. తిండి పెట్టాల్సింది మేమే.

ఆ రోజుల్లో మా దగ్గర పెట్టడమంటే మాటలు కాదు. బొగ్గు గని మూతబడ్డ ఏడాదికే పెద్ద కిరాణా మూతబడింది. ఇక మిగిలింది రోడ్డు పక్కన చవక సరుకు అమ్మే డాలర్ కొట్టు ఒక్కటే. అందులో పచ్చి కూరగాయలు ఉండవు, కోసిన మాంసం ఉండదు. డబ్బాలు, పొట్లాలు, సీసాలు, అదృష్టం బాగుంటే గుడ్లు, ఉల్లిపాయలు. తాజా సరుకు కావాలంటే కొండ దాటి పట్నం పోవాలి, పెట్రోలుకయ్యే డబ్బుతో ఇక్కడ ఒక పూట వంట అయిపోతుంది. అందుకే చర్చి చందాపెట్టెలో ఎంతుంటే అంతకు డాలర్ కొట్టులో సరుకు తెచ్చి, దాంతోనే ఎర్లీన్ వండేది.

ఎర్లీన్ అంతకుముందు బడిపిల్లలకు వండేది. ఆమె చేతిలో ఏదో మహిమ ఉందని జనం అనుకుంటారు. పక్కన నిలబడి చూసినదాన్ని కాబట్టి చెబుతున్నాను, మహిమ ఏమీ లేదు, ఓపికే. డబ్బా బీన్స్ తెస్తే అందరూ ఆ ఉప్పునీళ్ళతో సహా గిన్నెలో ఒంపి వేడి చేస్తారు. ఎర్లీన్ ఆ నీళ్ళు పారబోసి, బీన్స్‌ను రెండుసార్లు కడిగేది. చవగ్గా దొరికే పంది కొవ్వు ముక్కలు కరిగించి, అందులో ఉల్లిపాయలు ఎర్రబడేదాకా వేయించి, బీన్సూ బంగాళాదుంపలూ వేసి, నీళ్ళింకి అడుగంటబోయేదాకా సన్నటి సెగ మీద వదిలేసేది. దించబోయే ముందు చిటికెడు చక్కెర, చెంచాడు సిర్కా, అదే వెనిగర్. తిన్నవాళ్ళు "ఎవరి తోటవి ఇవి" అని అడిగేవాళ్ళు.

ఇంకో అలవాటు కూడా ఉండేది ఆమెకు. ప్రతి డబ్బానూ తెరిచే ముందు చేతిలో తిప్పి చూసేది. సొట్ట అతుకు మీద పడిందా, తుప్పు పట్టిందా, మూత పొంగిందా అని. పొంగితే లోపలి సరుకు విషమైనట్టే. ఆ రోజు పొద్దున ఒక బీన్స్ డబ్బా రెండు వైపులా పొంగి కనిపించింది. బొటనవేలితో నొక్కితే లోపలికి పోయి టక్కున మళ్ళీ పైకి లేచింది.

"గ్లెన్నా, దీని జోలికి పోకు. రేపు కొట్టుకి తీసుకెళ్ళి చూపిస్తాను," అని నాతో చెప్పి దాన్ని కిటికీ గట్టు మీద పెట్టింది.

అప్పటికి హెస్టర్ పెద్దమ్మ ఇంకా రాలేదు.

పెద్దమ్మ సంగతి చెప్పాలి. ఎనభై దాటిన మనిషి. ఎర్లీన్‌కు ముందు ఆ వంటగది పెత్తనం ఆమెదే. నేను పుట్టకముందు నుంచీ ఆమెదే. ఊళ్ళో చిన్నా పెద్దా అందరికీ పెద్దమ్మే. మొగుడు పోయాక కూడా ఏటి ఒడ్డున తన ఇంట్లో తనే వండుకుంటూ, తన పాత నీలం బండి తనే నడుపుకుంటూ ఉండేది. పట్నంలో ఉన్న మేనల్లుడు ఆమెను వృద్ధుల ఆశ్రమంలో చేర్పించాలని చూస్తున్నాడని అందరికీ తెలుసు. అతని పేరెత్తితే చాలు, పెద్దమ్మ మొహం చిట్లించుకునేది.

ఆ రోజు ఆమె ఆలస్యంగా వచ్చింది. మోకాళ్ళ నొప్పులు, కొండెక్కలేనంది. ఎర్లీన్ కుర్చీ వేసింది.

"కూర్చోవడానికి రాలేదే నేను. ఏదైనా పని చెప్పు."

"పనంతా అయిపోయింది పెద్దమ్మా. బీన్స్ దించడమే."

"డబ్బావేనా?"

"డబ్బావే."

"వర్జిల్‌గాడు నా చేతి పచ్చడి తిని పెరిగాడు. చివరికి వాడి చావు భోజనానికి డబ్బా తిండి," అంది పెద్దమ్మ. ఎర్లీన్ పళ్ళేలు లెక్కపెట్టుకుంది. ఆ సూటిపోటి మాటలు ఆమెకు అలవాటే.

నేనూ ఎర్లీన్ హాల్లో బల్లల మీద కాగితాలు పరిచి, పళ్ళేలు సర్ది వచ్చాం. మేం తిరిగొచ్చేసరికి పెద్దమ్మ పొయ్యి దగ్గర నిలబడి గరిటెతో కలుపుతోంది. కింద సెగ ఆర్పేసి ఉంది.

"ఇన్ని నోళ్ళకి ఇదేం చాలుతుందే. ఇంకో డబ్బా కలిపాను," అంది, మాకు ఉపకారం చేసినట్టు.

ఎర్లీన్ కిటికీ వైపు చూసింది. గట్టు మీద ఏమీ లేదు.

ఆమె చెత్తబుట్టలోకి వంగి, చేతికి గుడ్డ చుట్టుకుని ఖాళీ డబ్బా బయటికి తీసింది. అడుగు ఇంకా ఉబ్బెత్తుగానే ఉంది.

"ఈ డబ్బా ఎక్కణ్ణించి తీశావు పెద్దమ్మా?"

"కిటికీ దగ్గర మర్చిపోయావుగా. నేను చూశాను కాబట్టి సరిపోయింది."

"మర్చిపోలా. చెడిపోయిందని పక్కన పెట్టాను. ఉబ్బి ఉంది, చూళ్ళేదా నువ్వు?"

పెద్దమ్మ గరిటె ఆగింది. ఒక్క క్షణమే. "ఉబ్బా లేదు, గిబ్బా లేదు. బాగానే ఉంది."

"తెరిచినప్పుడు బుస్సుమందా?"

"డబ్బా తెరిస్తే చప్పుడు రాదా? నేను సీసాల్లో బీన్స్ నిలవ పట్టడం మొదలెట్టినప్పటికి నీ తల్లికి పెళ్ళి కాలేదు. నాకు చెబుతున్నావా?"

"నువ్వు పట్టినదానివనే అడుగుతున్నా. నీ సీసా మూత ఇలా పొంగితే ఏం చేసేదానివి?"

పెద్దమ్మ ఆ ప్రశ్న వినిపించుకోనట్టే మాట్లాడింది. "అంతగా భయమైతే మళ్ళీ పొయ్యి వెలిగించు. తెర్లనీ. మరిగితే ఎంతటి విషమైనా చస్తుంది. మా అమ్మ ఎన్నిసార్లు అలా చేసిందో. ఇంత తిండి పారబోస్తావా, పోయినవాడి ఇంటిల్లిపాదీ ఆకలితో దిగొస్తుంటే?"

ఆ మాటలో నిజం లేకపోలేదు. అందుకే ఎర్లీన్ గిన్నెలోకి తొంగి చూసింది. పెద్ద గిన్నె నిండా బీన్స్, దుంపలు, ఉన్న మాంసమంతా అందులోనే. అది పోతే మిగిలేది మొక్కజొన్న రొట్టె, అరటిపండు పుడ్డింగు మాత్రమే. కొండ మీద మొదటి పాట మొదలైంది. జల్లులో తడిసి, సన్నగా కిందికి వినిపిస్తోంది.

"మరిగిస్తే పోతుందేమో," అంది ఎర్లీన్ చివరికి. "కానీ ఆ 'ఏమో'ని కోరా పళ్ళెంలో పెట్టలేను. ఇవాళ మొగుణ్ణి పాతి వస్తోందా పిల్ల."

"నీకు నా మాటంటే లెక్కలేదు. అదీ సంగతి."

అంటూనే పెద్దమ్మ గరిటెడు బీన్స్ తీసుకుని నోట్లో పెట్టుకుంది. నమిలింది. మింగింది. ఎర్లీన్ చెయ్యి చాచేసరికి అయిపోయింది.

"చూశావా," అంది పెద్దమ్మ, గరిటె కింద పెడుతూ. "బతికే ఉన్నాను."

ఎర్లీన్ మొహం పాలిపోయింది. "గ్లెన్నా, గిన్నె అటు పట్టుకో," అంది. ఇద్దరం గిన్నె ఎత్తి, ఒకదానిలో ఒకటి దూర్చిన చెత్త సంచుల్లోకి అంతా ఒంపాం. బయట పోస్తే కుక్కలు తింటాయని మూతి బిగించి కట్టింది. పెద్దమ్మ గోడవైపు తిరిగి కూర్చుంది.

"కొట్టుకి పరిగెత్తు," అని చందాపెట్టె నా చేతిలో పెట్టింది ఎర్లీన్. "సాల్మన్ చేపకి డబ్బు చాలదు. మాకెరెల్ డబ్బాలు తీసుకో, పొడుగు డబ్బాలుంటాయే, కింది అరలో. ఎన్నొస్తే అన్ని. ఉప్పు బిస్కట్లు, గుడ్లు, మాకరోని, టమాటా డబ్బాలు. ప్రతి డబ్బా తడిమి చూడు."

వర్షంలోనే బండి తీశాను. కొట్టులో మా సంగతి విన్న గుమాస్తా లోపలి గదిలోంచి కూడా చేప డబ్బాలు తెచ్చిపెట్టాడు. నేను ఒక్కో డబ్బానూ తిప్పి తిప్పి చూశాను. అన్నీ ఉబ్బినట్టే అనిపించాయి.

తిరిగొచ్చేసరికి పాటలు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. ఎర్లీన్ ఉల్లిపాయలు తరుగుతూ, భుజానికీ చెవికీ మధ్య ఫోను నొక్కిపెట్టి మాట్లాడుతోంది. అవతల పట్నం ఆసుపత్రి నర్సు.

"ఒక గరిటె తిన్నది... లేదు, వాంతులేం లేవు... ఎంతసేపటికి తెలుస్తుంది?... ఒక్కోసారి రెండు మూడు రోజులా?" అని విని, పెద్దమ్మ వైపు తిరిగింది. "మింగడం కష్టంగా ఉందా అని అడుగుతోంది."

"నిన్నే మింగాలనుంది," అంది పెద్దమ్మ.

"నాలుక మందంగా ఉందా?"

"నా నాలుక ఎట్లా ఉందో నీకు తెలీదూ?"

"చూపు మసగ్గా ఉందా, ఒకటి రెండుగా కనబడుతోందా?"

ఈసారి పెద్దమ్మ తల దించుకుంది. ఒళ్ళో చేతులు చూసుకుంది. "నావి గద్ద కళ్ళే," అంది నెమ్మదిగా.

ఎర్లీన్ అదే నర్సుకు చెప్పింది. కళ్ళు మసకబారినా, రెప్పలు వాలినా, మాట తడబడినా క్షణం ఆలస్యం చెయ్యకుండా తీసుకురమ్మనీ, అసలైతే ఇప్పుడే తెస్తే మంచిదనీ నర్సు అంది. పెద్దమ్మ రానంటే రానంది. బలవంతంగా ఎత్తుకెళ్ళే మనిషి కాదు ఆమె.

ఇక వంట. చేప డబ్బాలు తెరిచి నీళ్ళు ఒంపి, ఎముకలు చేత్తోనే నలిపేశాం. ఉప్పు బిస్కట్లు సంచిలోనే గుద్ది పొడి చేశాను. ఉల్లి, గుడ్లు, మిరియాలు. మాకెరెల్‌కు నీచు ఎక్కువ, అందుకని ఎర్లీన్ సిర్కా ధారాళంగా పోసి, ఆవ పొడి కలిపింది. చేతికంటకుండా వచ్చేదాకా పిసికి, వడలు తట్టి, మొక్కజొన్న పిండిలో దొర్లించి, మూడు మూకుళ్ళలో ఒకేసారి వేసింది. నాలుగో పొయ్యి మీద మాకరోని. టమాటాలను కొవ్వులో దగ్గరపడేదాకా మగ్గించి, పులుపు విరగడానికి కొంచెం చక్కెర వేసి, ఉడికిన మాకరోని అందులో కలిపింది. మధ్యమధ్య తల తిప్పి పెద్దమ్మ కళ్ళ వైపు చూడటం, మళ్ళీ వడ తిరగెయ్యడం.

పాటలు ఆగాయి. కార్ల తలుపులు వేసుకున్న చప్పుళ్ళు. చివరి వాయి వడలు ఇంకా మూకుడులో ఉండగానే హాలు నిండిపోయింది.

కోరా పళ్ళెం ముందు కాసేపు ఊరికే కూర్చుంది. తర్వాత వడ తుంచి తిన్నది. ఇంకోటి అడిగింది. "ఆయనకి ఇవంటే ఇష్టం," అంది ఎవరితోనో. ఆకలిమీదున్న మగవాళ్ళు గిన్నెలు గీకి మరీ వడ్డించుకున్నారు. బీన్స్ ఊసు ఎవరూ ఎత్తలేదు, ఉన్నాయని ఎవరికి తెలుసు కనక. పెద్దమ్మ చివరి బల్ల దగ్గర కాఫీ ఒక్కటే పట్టుకుని కూర్చుంది. ఎర్లీన్ గుమ్మంలో నిలబడి ఆమెనే చూస్తోంది. ఎవరో పలకరిస్తే ఉలిక్కిపడింది.

జనం వెళ్ళిపోయాక పెద్దమ్మ తన బండి తాళాల కోసం సంచి వెతుక్కుంది. ఎర్లీన్ ఆ తాళాలు అప్పటికే జేబులో వేసుకుంది.

"ఇవాళ నువ్వు నడపొద్దు. మేం దింపుతాం. రాత్రికి నీ దగ్గరే ఉంటాను."

"నన్ను చచ్చేదాన్ని చేశావన్నమాట."

"చావకుండా చూద్దామనే."

మాటామాటా పెరిగి, చివరికి ఆమె నా బండిలో వెనక కూర్చుంది.

ఆమె ఇంట్లోకి నేను వెళ్ళి చాలా కాలమైంది. వంటింట్లో అడుగుపెట్టగానే ఏదో తేడా కనిపించింది, ఏమిటో వెంటనే తట్టలేదు. పొయ్యి సెగ తిప్పే మరల మీద ఒక్కోచోట లావుపాటి బట్ట పట్టీ అంటించి ఉంది. ఉప్పు సీసాకు రబ్బరు బ్యాండు చుట్టి ఉంది, చక్కెర సీసాకు లేదు. బల్ల మీద ఉత్తరాలు విప్పకుండానే పేరుకున్నాయి.

ఎర్లీన్ టీ కాచి కప్పు ఆమె ముందు పెట్టింది. పెద్దమ్మ చెయ్యి చాచింది. వేళ్ళు కప్పుకు బెత్తెడు అవతల బల్ల మీద తడుముకున్నాయి.

ఎర్లీన్ ఒక్క ఉదుటున ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుని గడ్డం పట్టుకుని మొహం వెలుతురుకు తిప్పింది. "గ్లెన్నా, అంబులెన్సుకి ఫోన్ చెయ్యి. చూపు పోతోంది ఈమెకి."

నేను ఫోను తీశాను. అంకెలు నొక్కడం మొదలెట్టాను.

"వద్దు," అంది పెద్దమ్మ.

"ఇక నీ మాట వినను."

"పెట్టెయ్యవే ఆ ఫోను. ఇది ఇవాళ్టిది కాదు."

నేను ఆగిపోయాను. ఎర్లీన్ ఆమె గడ్డం వదల్లేదు.

"పోయిన చలికాలం నుంచీ ఇంతే," అంది పెద్దమ్మ. గొంతులో ఎప్పుడూ ఉండే బిరుసు లేదు. "ముందు ఎడమ కన్ను. తర్వాత రెండోదీ. నువ్వు నాకు తెల్లటి ముద్దలా కనిపిస్తున్నావు. గొంతు బట్టి నువ్వని తెలుస్తోంది. కొండెక్కలేక కాదు నేను రానిది, అడుగు ఎక్కడ పడుతుందో తెలియక."

"మరి బండి?"

"రోడ్డు మీది తెల్లగీత పట్టుకుని పోతాను. నెమ్మదిగా."

ఎర్లీన్ కళ్ళు మూసుకుంది. ఆ గీత మీద ఆమెకు ఎదురొచ్చినవాళ్ళంతా నాకు గుర్తొచ్చారు. బడి బస్సుతో సహా.

"డబ్బా?" అంది ఎర్లీన్.

"కిటికీ వెలుతురులో డబ్బా ఆకారం కనిపించింది. ఉబ్బింది తడిమితే తెలిసేదే. తొందరపడ్డాను. మీరొచ్చేలోపు నేనూ ఏదో ఒకటి చేశాననిపించుకోవాలని. నువ్వు అడగ్గానే అర్థమైంది. కానీ చూళ్ళేదని ఎలా చెప్పను? రేపు మేనల్లుడికి తెలుస్తుంది. ఎల్లుండి ఆశ్రమం."

"అందుకని విషం తిన్నావా పెద్దమ్మా?"

"విషం కాదులే," అంది, కానీ ఆ మాటలో నమ్మకం లేదు. ఆమె చేతులు ఎర్లీన్ మణికట్టు వెతికి పట్టుకున్నాయి. అప్పుడు తెలిసింది నాకు, మధ్యాహ్నం నుంచీ ఆమె కూడా భయపడుతూనే ఉందని.

ఎర్లీన్ లేచి తనే నర్సుకు ఫోన్ చేసి, ఉన్నదున్నట్టు చెప్పింది. ఏది పాత మసకో ఏది కొత్త మసకో ఫోనులో తేల్చలేమనీ, వెంటనే తీసుకురమ్మనీ జవాబు. ఈసారి పెద్దమ్మ సరేనంది. మంచి కోటు తెమ్మంది. పొద్దు వాలకముందే కొండ దాటాం.

ఆసుపత్రిలో ఆమెను మంచానికి కట్టినట్టే కట్టి గమనించారు. చేతులు పైకెత్తమన్నారు, నవ్వమన్నారు, నీళ్ళు మింగించారు. ఎర్లీన్ కుర్చీలోంచి కదల్లేదు. ఎవరైనా లోపలికి వచ్చినప్పుడల్లా ఆమె లేచి నిలబడేది. ఆ వారం అలా గడిచింది. ఏమీ కాలేదు. ఆ బీన్స్ చెడినవో కాదో ఎవరికీ తెలియలేదు. చెత్త బండి ఆ సంచిని ఎప్పుడో తీసుకుపోయింది, ఖాళీ డబ్బాతో సహా. పెద్దమ్మ మాత్రం బాగానే ఉన్నాయంటుంది ఇప్పటికీ. రుచి కూడా పరవాలేదట.

కళ్ళలో శుక్లాలన్నారు, రెండింట్లోనూ. తీసేస్తే చూపొస్తుందన్నారు. మేనల్లుడికి ఎర్లీన్ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఆసుపత్రి మంచం మీదినుంచి పెద్దమ్మే ఫోన్ చేసి చెప్పింది. అతను వచ్చాడు. ఆశ్రమం మాట ఎత్తాడు కూడా. ముందు కళ్ళు బాగుపడనిమ్మని ఎర్లీన్ అతన్ని వరండాలోకి తీసుకెళ్ళి చాలాసేపు మాట్లాడింది. ఇంకా ఏమేం చెప్పిందో నాకు తెలియదు. చివరికి అతను, పెద్దమ్మను వారంలో రెండుసార్లు చూసుకునే మనిషి ఉంటే చాలన్నాడు. ఆ మనిషి ఎర్లీనే అయింది. నీలం బండి మాత్రం అమ్మేశారు. పెద్దమ్మ ఆ రోజంతా తలుపు తియ్యలేదు.

ఆపరేషన్లయి రెండో కన్ను కట్టు కూడా విప్పిన తర్వాతి బుధవారం మేం ఆమెను చర్చి వంటగదికి తీసుకొచ్చాం. గుమ్మంలోనే ఆగిపోయింది. ఎర్లీన్ మొహంలోకి చూసి, "నీకింత జుట్టు నెరిసిందేమే," అంది. తర్వాత పొయ్యి వెనక గోడ చూసింది, అలమర్లు చూసింది, పైకప్పు చూసింది.

"ఇంత జిడ్డులో వండుతున్నారా మీరు?"

ఎర్లీన్ నా వైపు చూసింది. పెద్దమ్మ అప్పటికే చొక్కా చేతులు పైకి మడిచి సబ్బు ఎక్కడుందని అడుగుతోంది. ఆ పూట వంట ఏమీ మొదలవలేదు. ముగ్గురం గోడలు కడుగుతూనే ఉన్నాం.